సీటు కొనకండి, లెక్క అడగండి!

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ వేళ ఇంటర్ పాసైన పిల్లలకూ, వాళ్ల తల్లిదండ్రులకూ విజ్ఞప్తి

తల్లులారా, తండ్రులారా!
ఇంటర్ గట్టెక్కిన తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

ఫలితాలు వచ్చిన రోజు నుంచి మీ ఇంట్లో ఫోను ఆగకుండా మోగుతోంది కదా. మీ నంబరు కాలేజీల వాళ్లకు ఎవరిచ్చారో మీకు తెలియదు. అమ్మాయి పేరు, మార్కులు, చదివిన కాలేజీ అన్నీ వాళ్ల దగ్గర ముందే ఉన్నాయి. "సీఎస్‌ఈ సీట్లు అయిపోవస్తున్నాయి, ఈ వారంలో కడితే కాస్త తగ్గిస్తాం" అంటారు. మర్నాడు ఆ కాలేజీ లెక్చరరే మీ గుమ్మంలో నిలబడతాడు. ఆయన మీద కోపం వద్దు. వేసవిలో ఇంతమందిని చేర్పించి తీరాలన్న టార్గెట్ మెడ మీద పెట్టుకుని తిరుగుతున్న మనిషి ఆయన.

ఆ తొందరలో అడ్వాన్సు కట్టేముందు ఈ కరపత్రం ఒక్కసారి చివరిదాకా చదవండి.

మేం ఇంజినీరింగో డిగ్రీయో చదివి బయటికొచ్చినవాళ్లం. మాలో కొందరికి ఉద్యోగాలున్నాయి, కొందరికి లేవు. ప్రైవేటు కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లున్నారు. పిల్లల ఫీజుల కోసం పొలం అమ్ముకున్నవాళ్లున్నారు. ఏ పార్టీ తరఫునా మీ ముందుకు రాలేదు. మేం చెప్పేది ఇదే: పిల్లల చదువు మాన్పించకండి. అప్పు చేసి సీటు కొనకండి. కాలేజీనీ ప్రభుత్వాన్నీ లెక్క అడగండి, అందరూ కలిసి అడగండి.

డిగ్రీ దండగ అనేవాళ్లను నమ్మకండి

ఈమధ్య ఒక మాట గట్టిగా వినిపిస్తోంది. డిగ్రీలతో పనేముంది, నైపుణ్యం ఉంటే చాలు అని. ఆ మాట చెప్పే పెద్దమనుషుల పిల్లలు ఏ కాలేజీలో చదువుతున్నారో కనుక్కోండి. వాళ్ల పిల్లలకు డిగ్రీలు కావాలి, మన పిల్లలకు మాత్రం మూడు నెలల ట్రైనింగు చాలట!

గ్రూప్-1 రాయాలంటే డిగ్రీ కావాలి. గ్రూప్-2కూ డిగ్రీయే. బ్యాంకు ఆఫీసరు, సబ్-ఇన్‌స్పెక్టరు, హైస్కూలు టీచరు, ఏదైనా ఆ గడప దాటే వెళ్లాలి. డిగ్రీ ఉన్నవాళ్ల సగటు సంపాదన లేనివాళ్ల కంటే ఎక్కువేనని ప్రభుత్వ సర్వేలే చెబుతున్నాయి. అన్నిటికీ మించి, తాత వెట్టిచేసిన ఇంట్లో, నాయన కూలికి పోయిన ఇంట్లో మొదటిసారి ఒక ఆడపిల్ల పట్టా అందుకుంటే ఆ ఇంటి తలరాతే మారుతుంది. పెళ్లి వాయిదా వేయమని అడిగే ధైర్యం, ఆఫీసులో అధికారి ఎదుట కుర్చీలో కూర్చుని మాట్లాడే ధైర్యం ఆ పట్టాతో వస్తాయి. దాన్ని దండగ అనే హక్కు ఎవరికీ లేదు.

అయితే రెండో నిజం కూడా చెప్పాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో విడుదల చేసిన భారత ఉపాధి నివేదిక చూడండి. 2022 లెక్కల ప్రకారం మన దేశంలో చదవడం, రాయడం రాని యువతలో నిరుద్యోగం 3.4 శాతం. డిగ్రీ చదివిన యువతలో 29.1 శాతం. చదువురాని కుర్రాడికి మంచి ఉద్యోగం దొరికిందని దీని అర్థం కాదు. వాడికి ఖాళీగా కూర్చునే వీలు లేదు, మట్టి పనో మేస్త్రీ పనో ఏది దొరికితే అది చేస్తాడు. డిగ్రీ చదివినవాడు చదువుకు తగ్గ పని కోసం ఎదురుచూస్తాడు. ఆ ఎదురుచూపుల ఖర్చు భరించేది మళ్లీ అమ్మానాన్నలే.

ఆ ఎదురుచూపులు మనకు కొత్తేమీ కాదు. హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో, అవనిగడ్డ డీఎస్సీ కోచింగుల్లో, నంద్యాల బ్యాంకు కోచింగుల్లో ఏళ్ల తరబడి కూర్చున్న పిల్లలు మన ఇళ్లవాళ్లే. 2022 డిసెంబరులో తెలంగాణ గ్రూప్-4 నోటిఫికేషన్ వచ్చింది. ఎనిమిది వేల పైచిలుకు పోస్టులు. దరఖాస్తులు దాదాపు తొమ్మిదిన్నర లక్షలు. అంటే ఒక్కో కుర్చీకి వందమందికి పైగా. వీళ్లంతా చదవక పోటీ పడ్డవాళ్లు కాదు, చదివి పోటీ పడ్డవాళ్లు.

కాబట్టి డిగ్రీ కావాలా వద్దా అన్నది మన ప్రశ్న కాదు. ఏ డిగ్రీ, ఎంత ధరకు, ఎవరి డబ్బుతో? ఇదీ అడగాల్సిన ప్రశ్న.

కాగితం తీయండి, లెక్క వేద్దాం

ఇది ఏ ఒక్కరి కథా కాదు. లెక్క కోసం వేసుకున్న అంకెలు. మీ అంకెలు పెట్టి మీరే వేసుకోండి.

మేనేజ్‌మెంట్ కోటాలో ఒక సీటు. ఏడాది ఫీజు లక్షా 20 వేలు, నాలుగేళ్లకు 4 లక్షల 80 వేలు. రసీదు లేకుండా తీసుకునే డొనేషన్ 4 లక్షలు. హాస్టలు, తిండి ఏడాదికి 90 వేలు, నాలుగేళ్లకు 3 లక్షల 60 వేలు. లాప్‌టాప్, పరీక్ష ఫీజు, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ ఫీజు, బస్సు చార్జీలు, అన్నీ కలిపి 60 వేలు. మొత్తం 13 లక్షలు.

ఇందులో 5 లక్షలు బయట అప్పు తెచ్చారనుకోండి. డొనేషన్‌కు ఏ బ్యాంకూ అప్పివ్వదు, దానికి రసీదే ఉండదు కదా. అందుకే జనం ఊళ్లో వడ్డీకిచ్చేవాళ్ల దగ్గరికి వెళతారు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే 5 లక్షలకు నెలకు 10 వేలు. నాలుగేళ్లకు వడ్డీయే 4 లక్షల 80 వేలు. అసలు అలాగే ఉంటుంది.

ఇప్పుడు అబ్బాయి పాసయ్యాడు. క్యాంపస్‌లో ఉద్యోగమూ వచ్చింది. పెద్ద ఐటీ కంపెనీలు కొత్తవాళ్లను ఎక్కువగా తీసుకునే జీతం ఏడాదికి మూడు నుంచి మూడున్నర లక్షలు. పదేళ్ల కిందటా దాదాపు ఇంతే, ఇవాళా ఇంతే. ఈ పదేళ్లలో గది అద్దె పెరిగింది, కాలేజీ ఫీజు పెరిగింది, కొత్తవాడి జీతం మాత్రం కదల్లేదు. కోతలు పోగా చేతికి నెలకు పాతిక వేలు వస్తాయనుకుందాం. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో హాస్టలు, తిండి, రాకపోకలకు 12 వేలు. మిగిలేది 13 వేలు. అందులో 10 వేలు వడ్డీకే పోతుంది. మరి అసలు ఎప్పుడు తీరాలి? చెల్లెలి చదువు సంగతేంటి? నాన్న మోకాలి ఆపరేషన్ సంగతేంటి?

ఇది ఉద్యోగం వచ్చినవాడి లెక్క. రానివాడి లెక్క మీరే వేసుకోండి.

ఎంతోమంది పిల్లలు నాలుగేళ్లు కాలేజీకి ఫీజు కట్టి, ఆపైన అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుకు మళ్లీ ఫీజు కడుతున్నారు. కాలేజీ నేర్పాల్సింది కాలేజీలో నేర్పితే అక్కడి మైత్రీవనం చుట్టూ అన్ని కోచింగ్ బోర్డులు ఎందుకు వేలాడతాయి? ఒకే చదువుకు మనం రెండుసార్లు డబ్బు కడుతున్నాం.

ఈ ధర ఎవరు పెంచారు?

డొనేషన్ తీసుకోవడం నేరం. ఇది కొత్తగా వచ్చిన చట్టం కాదు. 1983లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ క్యాపిటేషన్ ఫీజును, అంటే ఈ డొనేషన్‌నే, నిషేధిస్తూ చట్టం చేసింది. తీసుకున్నవాళ్లకు జైలు శిక్ష కూడా అందులోనే ఉంది. ప్రైవేటు మెడికల్ కాలేజీల అనుమతుల వ్యవహారాన్ని హైకోర్టు తప్పుపట్టడంతో 1992లో ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి పదవి వదులుకున్నారు. ఒకప్పుడు ఈ విషయం ముఖ్యమంత్రి కుర్చీనే కదిలించిందంటే ఎంత పెద్ద సంగతో ఆలోచించండి.

1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు సగం సీట్లు ఫ్రీ, సగం పేమెంట్ అని ఏర్పాటు చేసింది. ఆ కేసు వెళ్లింది మన రాష్ట్రం మీదే. 2002లో టీఎంఏ పాయ్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఏర్పాటును తీసేసి, ప్రైవేటు కాలేజీలకు ఫీజుల మీద స్వేచ్ఛ ఇచ్చింది. అయితే క్యాపిటేషన్ ఫీజు తీసుకోకూడదని, చదువు పేరుతో లాభాలు దండుకోకూడదని అదే తీర్పు చెప్పింది. కాలేజీలు తీర్పులో మొదటి సగం మాత్రమే గుర్తుపెట్టుకున్నాయి. ప్రభుత్వాలు రెండో సగాన్ని గుర్తుచేయడం మానేశాయి.

2000వ దశకం చివర్లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం పేద పిల్లల కాలేజీ ఫీజును సర్కారే కట్టే పథకం, ఫీజు రీయింబర్స్‌మెంట్ తెచ్చింది. ఆ పథకం మేలు మనం కాదనం. ఇంజినీరింగ్ కాలేజీ గేటు దాటుతామని కల కూడా కనని ఇళ్ల పిల్లలు ఆ పథకంతోనే లోపలికి వెళ్లారు. కానీ దాని వెంటే ఇంకొకటి జరిగింది. ప్రభుత్వ డబ్బు వస్తుందన్న ధీమాతో చెరువు గట్ల మీద, హైవేల పక్కన కాలేజీలు పుట్టుకొచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు ఏడు వందలు దాటాయి. ల్యాబులు లేనివి, లెక్చరర్లు కాగితాల మీద మాత్రమే ఉన్నవి వాటిలో ఎన్నో. తర్వాత వందల కాలేజీలు మూతపడ్డాయి. వాటిలో చదివిన పిల్లల ఏళ్లకు ఎవరూ పూచీ పడలేదు.

అదే సమయంలో ప్రభుత్వ కాలేజీలు ఎండిపోయాయి. మన విశ్వవిద్యాలయాల్లో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి పైగా ఏళ్లుగా ఖాళీగా పడి ఉన్నాయి. 1918లో పుట్టిన ఉస్మానియా, 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకుల మీద ఈడ్చుకొస్తున్నాయి. తక్కువ ఫీజుతో మంచి చదువు దొరికే చోటును ప్రభుత్వమే పాడుపెడితే, ఎక్కువ ఫీజు అడిగేవాడికి ఎదురేముంది?

ఇప్పుడింకో పోకడ. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ సెక్షన్లు ఎత్తేసి కంప్యూటర్ సైన్సు సీట్లు పెంచుతున్నారు. 2024-25 నుంచి ఒక బ్రాంచిలో ఇన్ని సీట్లే ఉండాలన్న పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ తొలగించింది. తెలంగాణ ఇంజినీరింగ్ సీట్లలో సగానికి మించి ఇవాళ కంప్యూటర్ బ్రాంచీలవే. అన్ని వేల సీట్లకు పాఠం చెప్పే మనుషులు ఒక్క ఏడాదిలో ఎక్కణ్నుంచి వస్తారు? నాలుగేళ్ల తర్వాత వీళ్లందరికీ ఒకే రకం ఉద్యోగాలు ఎక్కణ్నుంచి వస్తాయి? సీటు అమ్మేవాడు ఈ ప్రశ్న వేసుకోడు. మనం వేసుకోవాలి.

రీయింబర్స్‌మెంట్ వస్తుందిగా అంటారా?

వస్తుంది. కానీ ఎంత, ఎప్పుడు, ఎవరికి అన్నది తెలుసుకోండి.

ఇంజినీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. మేనేజ్‌మెంట్ సీటుకు రీయింబర్స్‌మెంట్ లేదు. మనం ఇంకా ఎంసెట్ అనే పిలుస్తున్న ఈఏపీసెట్‌లో తెలంగాణ బీసీ విద్యార్థికి పది వేల లోపు ర్యాంకు వస్తే ప్రభుత్వం పూర్తి ఫీజు ఇస్తుంది. ర్యాంకు అది దాటితే ఇచ్చేది ఏడాదికి 35 వేలు. కాలేజీ ఫీజు లక్షా 20 వేలైతే మిగతా 85 వేలు మీ జేబులోంచే పోవాలి. నాలుగేళ్లకు 3 లక్షల 40 వేలు. ఫ్రీ సీటు అనుకుని చేరితే ఇంత తేలుతుంది.

ఇక ఆ డబ్బు వేళకు రాదు. ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి, బకాయిలు మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ పేరుకుపోతూనే ఉన్నాయి. 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్‌కు దిగాయి. కాలేజీకీ ప్రభుత్వానికీ మధ్య గొడవలో నలిగేది విద్యార్థి. చదువు పూర్తయింది, ఉద్యోగం వచ్చింది, వచ్చే సోమవారం చేరాలి. కాలేజీ మాత్రం "ప్రభుత్వం ఇంకా వేయలేదు, నువ్వు కట్టి సర్టిఫికెట్లు తీసుకుపో" అంటుంది. అమ్మ మెడలో పుస్తెలతాడు కుదువకు పోయేది ఆ రోజే.

గుర్తుపెట్టుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టి ఉంచుకునే హక్కు ఏ కాలేజీకీ లేదు. 2018లో యూజీసీ ఈ మాట రాతపూర్వకంగా చెప్పింది. చేరేటప్పుడు సర్టిఫికెట్లు చూసి, నకళ్లు తీసుకుని, ఒరిజినల్స్ తిరిగి ఇచ్చేయాలి. మీ మార్కుల మెమో మీ ఆస్తి. దాన్ని ఎవరికీ తాకట్టు పెట్టకండి.

వేరే దారులు ఉన్నాయి

పదో తరగతి చదువుతున్న చెల్లెలో తమ్ముడో ఇంట్లో ఉంటే ఈ ముక్క వాళ్లకు చదివి వినిపించండి. పాలిసెట్ రాసి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చేరితే మూడేళ్ల డిప్లొమా చాలా తక్కువ ఫీజుతో పూర్తవుతుంది. ఆ తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఇంటర్ రెండేళ్ల కార్పొరేట్ ఫీజు మిగులుతుంది. చేతికి పని వస్తుంది. ఒకవేళ బీటెక్ మధ్యలో ఆగినా డిప్లొమా చేతిలో ఉంటుంది. పదో తరగతి మార్కులు బాగుంటే బాసర, నూజివీడు, ఇడుపులపాయ, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలకు దరఖాస్తు పెట్టండి. గ్రామీణ పిల్లల కోసం 2008లో మొదలైన ఆరేళ్ల చదువు అది.

ఐటీఐని చిన్నచూపు చూడకండి. విద్యుత్ సంస్థల్లో జూనియర్ లైన్‌మన్ పోస్టుకు కావాల్సింది ఐటీఐ. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు ఐటీఐతో కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ప్రభుత్వ రంగ సంస్థల్లో, ఫ్యాక్టరీల్లో స్టైపెండుతో పని నేర్చుకోవచ్చు.

ఇంజినీరింగే చదవాలనుకుంటే ముందు యూనివర్సిటీ కాలేజీల వైపు చూడండి. ప్రైవేటు కాలేజీల్లో కూడా ట్యూషన్ ఫీజు మాఫీ సీట్లు ఉంటాయి. ఏఐసీటీఈ పథకం కింద బ్రాంచి సీట్లకు అదనంగా 5 శాతం, ఏడాది ఆదాయం 8 లక్షల లోపు కుటుంబాల పిల్లలకు. కౌన్సెలింగ్‌లో వాటిని అడగండి. అప్పు తప్పనిసరైతే బ్యాంకు విద్యారుణానికే వెళ్లండి. ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా ఇచ్చే ఏర్పాటు ఉంది. చదువు పూర్తయ్యాక ఏడాది దాకా వాయిదాలు మొదలుకావు. అప్పుడు కూడా కాగితం మీద లెక్క వేసుకోండి: 8 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అయితే నెలకు దాదాపు 11 వేలు కట్టాలి. ఆ బ్రాంచిలో చేరిన మామూలు విద్యార్థి మొదటి జీతం ఆ వాయిదా మోయగలదా? మోయలేకపోతే ఆ సీటు మీది కాదు.

బీఎస్సీ, బీకాం, బీఏ అనగానే మొహం చిట్లించకండి. ఇంటి దగ్గరి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కొద్దిపాటి ఫీజుతో చదివి, మిగిలిన డబ్బూ సమయమూ ఇంగ్లిషు మీద, కంప్యూటరు మీద, పోటీ పరీక్షల మీద పెట్టిన పిల్లలు అప్పులపాలైన ఇంజినీర్ల కంటే ముందు నిలబడ్డ ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి. బంధువుల్లో పరువు కోసం కొన్న బీటెక్ సీటుకు వడ్డీ ఆ బంధువులు కట్టరు.

సంతకానికి ముందు ఏడు ప్రశ్నలు

సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాం, నాలుగడుగులు నడిపించి చూస్తాం. అంతకు పదింతల డబ్బు పోసే సీటుకు అడగకుండా సంతకం పెట్టడమెందుకు? ఈ కాగితం చేత్తో పట్టుకెళ్లండి. జవాబులు రాయించుకోండి.

1. ఫీజు నియంత్రణ కమిటీ మీ కాలేజీకి ఖరారు చేసిన ఫీజు ఎంత? ఉత్తర్వు చూపించండి. దానికి మించి తీసుకునే ప్రతి రూపాయికీ రసీదు ఇస్తారా?

2. ఈ బ్రాంచిలో నాలుగేళ్ల కిందట చేరినవాళ్లు ఎంతమంది? బ్యాక్‌లాగ్ లేకుండా పాసైనవాళ్లు ఎంతమంది?

3. పోయిన ఏడాది ఈ బ్రాంచి నుంచి ఉద్యోగంలో చేరినవాళ్లు ఎంతమంది? ఆఫర్ లెటర్ల లెక్క వద్దు, ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లొస్తే మూడుగా లెక్కపెడతారు. ఫ్లెక్సీ మీద ఉన్న ఒక్కడి ప్యాకేజీ వద్దు. బ్రాంచి పిల్లలందరినీ జీతం ప్రకారం వరుసగా నిలబెడితే సరిగ్గా నడిమధ్యలో ఉన్నవాడి జీతం ఎంత?

4. ఈ బ్రాంచిలో పూర్తికాలం పనిచేసే అధ్యాపకులు ఎంతమంది? ఏఐసీటీఈ నిబంధన ప్రకారం ఇరవై మంది విద్యార్థులకు ఒకరు ఉండాలి. వాళ్లకు నెలనెలా జీతం పడుతోందా?

5. ఈ బ్రాంచికి ఎన్‌బీఏ గుర్తింపు ఉందా? ఏ సంవత్సరం దాకా?

6. ప్రభుత్వం రీయింబర్స్‌మెంట్ ఆలస్యం చేసినా సర్టిఫికెట్లు ఆపబోమని రాసిస్తారా?

7. వేరే చోట మంచి సీటొచ్చి మానేస్తే కట్టిన ఫీజులో ఎంత తిరిగి ఇస్తారు?

జవాబు చెప్పే కాలేజీలు ఉన్నాయి. నిజాయితీగా నడిపేవాళ్లు ఈ ప్రశ్నలకు భయపడరు. "అవన్నీ మీకెందుకమ్మా, మా మీద నమ్మకం లేదా" అన్న చోట లేచి బయటికి రండి.

మా డిమాండ్లు

ఒకటి: ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలన్నీ చెల్లించాలి. ఇకమీదట ఏడాదిలో ఏ నెలలో ఎంత వేస్తారో ముందే క్యాలెండర్ ప్రకటించాలి. 35 వేల పరిమితిని పెరిగిన ఫీజులకు తగ్గట్టు సవరించాలి.

రెండు: ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో, పాలిటెక్నిక్‌లలో, విశ్వవిద్యాలయాల్లో ఖాళీ పోస్టులన్నీ భర్తీ చేయాలి. హాస్టళ్లు కట్టాలి. తక్కువ ఫీజుతో మంచి చదువు జిల్లా కేంద్రంలో దొరికితే డొనేషన్ దుకాణాలు వాటంతటవే మూతపడతాయి.

మూడు: 1983 చట్టాన్ని అమలు చేయాలి. డొనేషన్ తీసుకున్న యాజమాన్యాల మీద కేసులు పెట్టాలి. ఫిర్యాదు చేసిన విద్యార్థిని ఇంటర్నల్ మార్కుల పేరుతో వేధించకుండా రక్షణ ఇవ్వాలి.

నాలుగు: ప్రతి కాలేజీ ఫీజు ఉత్తర్వు, అధ్యాపకుల జాబితా, బ్రాంచివారీ ఉత్తీర్ణత, నడిమధ్య జీతం తెలుగులో ప్రకటించాలి. అంకెలను బయటి ఆడిటర్లు సరిచూడాలి. అబద్ధపు ప్లేస్‌మెంట్ ప్రకటనలకు జరిమానా వేయాలి.

ఐదు: సర్టిఫికెట్లు పట్టి ఉంచిన కాలేజీ గుర్తింపు రద్దు చేయాలి.

అడిగితే జరుగుతుందా అంటారా? జరిగింది. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రైవేటు మెడికల్ కాలేజీల ఫీజును ఏడాదికి 24 లక్షలకు పెంచుతూ జీవో ఇచ్చింది. అంతకుముందున్న ఫీజుకు అది ఏడు రెట్లు. విద్యార్థులు కోర్టుకెక్కారు. హైకోర్టు జీవోను కొట్టేసింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. చదువు లాభాలకోసం చేసే వ్యాపారం కాదని, ఫీజు అందుబాటులో ఉండాలని చెప్పి, అదనంగా గుంజిన డబ్బు వెనక్కివ్వమంది. అడిగినవాళ్లు విద్యార్థులు. గెలిచింది విద్యార్థులు.

ఇవాళే మొదలుపెడదాం

ఈ వారంలో మీ వీధిలో, మీ వాడలో ఇంటర్ పాసైన పిల్లలున్న ఇళ్లన్నీ ఒకచోట కూర్చోండి. గ్రంథాలయం దగ్గర, రచ్చబండ దగ్గర, బడి ఆవరణలో, ఎక్కడైనా సరే. ఏ కాలేజీ ఎవరిని ఎంత అడిగిందో ఒక నోటుబుక్కులో రాయండి. ఒకే కాలేజీ ఒకే సీటుకు పక్క పక్క ఇళ్లకు వేర్వేరు ధరలు చెప్పిందని అప్పుడు తెలుస్తుంది.

కాలేజీకి ఒంటరిగా వెళ్లకండి. ఐదారు కుటుంబాలు కలిసి వెళ్లండి. ఒక తండ్రి అడిగితే గేటు బయటికి పంపుతారు. ఇరవైమంది అడిగితే కుర్చీలు వేస్తారు.

డబ్బు చేత్తో ఇవ్వకండి. బ్యాంకు ద్వారానే కట్టండి, రసీదు దాచండి. అడిగిన డొనేషన్ వివరాలు తేదీతో సహా రాసి పెట్టుకోండి.

సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. మీ జిల్లా ప్రభుత్వ కాలేజీల్లో ఎన్ని పోస్టులు ఖాళీ, మీ కాలేజీకి రీయింబర్స్‌మెంట్ బకాయి ఎంత అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వడం వాళ్ల బాధ్యత.

ప్రతి సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. సర్టిఫికెట్లు ఆపిన కాలేజీ మీద, డొనేషన్ అడిగిన కాలేజీ మీద అక్కడ అర్జీ పెట్టండి. రసీదు నంబరు తీసుకోండి. నాలుగు వారాలు వరుసగా వెళ్లండి. ఒక్కరి అర్జీ బుట్టలో పడుతుంది, వందమంది అర్జీ పేపర్లో పడుతుంది.

ఓటడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ, ఏ జెండాతో వచ్చినా, రెండు ప్రశ్నలు అడగండి: మా పిల్లల ఫీజు బకాయి ఎప్పుడు చెల్లిస్తారు, మా ప్రభుత్వ కాలేజీకి లెక్చరర్లను ఎప్పుడు వేస్తారు?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! సీఎస్‌ఈ రాకపోతే బతుకు లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ర్యాంకు రాలేదని కుమిలిపోకండి. మీ విలువ మీ కౌన్సెలింగ్ ఆర్డరులో లేదు. మీ అమ్మానాన్నలు అప్పు కాగితం మీద వేలిముద్ర వేయబోతుంటే ఆ చెయ్యి పట్టుకుని ఆపగలిగింది మీరే. "నాన్నా, ముందు లెక్క వేద్దాం" అని చెప్పండి.

తల్లులారా, తండ్రులారా! చదివించండి, అప్పులపాలు కాకుండా చదివించండి. ఆ రెండూ కలిసే దారి ఉంది. అది తెరవాల్సింది ప్రభుత్వం, తెరిపించాల్సింది మనం. వచ్చే సోమవారం కలెక్టరేట్ దగ్గర కలుద్దాం, రండి!

విద్య మన హక్కు, సరుకు కాదు!
సీటు కొనం, లెక్క అడుగుతాం!
బకాయిలు చెల్లించాలి, ప్రభుత్వ కాలేజీలను నిలబెట్టాలి!

ఇట్లు,
చదివినవాళ్లు, చదివిస్తున్నవాళ్లు, చదువు చెబుతున్నవాళ్లు

చదివాక పారేయకండి. ఇంటర్ పిల్లలున్న పక్కింటికి ఇవ్వండి.